కారు తాళాలు తిరిగిచ్చిన తర్వాత

మా మిషన్ దవాఖానాలో ఉండిన డాక్టరమ్మ తెల్లావిడ. ఒంట్లో నలతచేసి, ఇక తన దేశానికి పోక తప్పదని తేలిపోయాక నాకు కారు తోలడం నేర్పింది. ఎండిపోయిన చెరువులోకి తీసుకుపోయి నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టేది. గేరు తప్పు వేసినప్పుడల్లా మోచేతి మీద ఒక్కటి వేసేది. గొర్రెలు మేపేవాళ్ళు కట్ట మీద చేరి చూసేవాళ్ళు. పత్తికొండ చుట్టుపక్కల చీర కట్టుకున్న మనిషి కారు తోలడం వాళ్ళలో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. నేనూ చూడలేదు.

మాది అక్కడికి పడమరగా ఉన్న పల్లె. ఊరికి కడగా మా పేట, పేటలో బండలు పరిచిన చిన్న ప్రార్థన గుడి. మా తాత కాలం నుంచే మేం క్రైస్తవులం. నాయన చిన్న చేను చేసుకుంటూ, పంటకోతల్లో కూలికి పోతూ మమ్మల్ని సాకాడు. నేను మిషన్ బడిలో చదివి, నర్సు పని నేర్చుకుని, కాన్పులు చేయడానికి దవాఖానాలో కుదిరాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాయనా పోయాక నాకంటూ మిగిలింది నా తమ్ముడొక్కడే. వాడు ఆ చేనే చేసుకుంటూ ఊర్లో ఉండేవాడు.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక దవాఖానా ఒక కమిటీ చేతికి వచ్చింది. అందులో మా గుడి అయ్యగారు, ఇద్దరు ముగ్గురు సంఘపెద్దలు, ఊర్లో పలుకుబడి గల ఒక ఆసామి ఉండేవాళ్ళు. కొత్త డాక్టరు వస్తాడు వస్తాడని చెప్పారు గానీ ఎవరూ రాలేదు. నేనూ, ఒక కాంపౌండరూ, ఆ కారూ మిగిలాం.

కారు తోలుకుంటూ మొదటిసారి మా ఊరికి పోయిన రోజు నాకు బాగా గుర్తు. తమ్ముడు ఊరి బయట ఎదురుచూస్తుంటే ఎక్కించుకున్నాను. పేటకు పోవాలంటే రచ్చకట్ట ముందు నుంచే దారి. ఆ కట్ట మీద ఊరి పెద్దకులాల మగవాళ్ళు కూర్చుని ఉంటారు. అక్కడికి రాగానే మా నాయన చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచేవాడు. అది చూస్తూ పెరిగిన పిల్లలం మేమిద్దరం. ఆ రోజు కారు చప్పుడు విని కట్ట మీది వాళ్ళు ఎవరో ఆఫీసరు వచ్చాడనుకుని లేచి నిలబడ్డారు. మమ్మల్ని చూశాక కూడా వెంటనే కూర్చోలేకపోయారు. తమ్ముడు నా పక్కన ముందు సీటులో, చెప్పులు కాళ్ళకే ఉంచుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. పేటలో దిగాక వాడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద దుమ్మును తన తువాలుతో తుడిచాడు. ఆ కారు వాడికి ఏమిచ్చిందో నాకు తెలియదని ఎవరూ అనడానికి లేదు.

అయితే ఆ కారు తోలేది నేను. అది నన్ను ఏం చేసిందో కూడా నేనే చెప్పాలి.

అప్పుడు కర్నూలు రాజధాని. గుడారాల్లో ఆఫీసులు, మేడల్లో మంత్రులు, వేపచెట్ల కింద అర్జీలు పట్టుకుని జనం. మా కమిటీలో ప్రతివాళ్ళకూ కర్నూల్లో ఒక పని పుట్టింది. సంఘపెద్ద కొడుక్కి ఉద్యోగం కావాలి. ఆసామికి ఏదో భూమి తగాదా ఉంది, ఫలానా ఆఫీసరును చూడాలి. అయ్యగారి భార్యకు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి, వస్తూ వస్తూ చీరలు చూడాలి. దవాఖానాకు మందులు ఎలాగూ కర్నూలు నుంచే రావాలి కదా, ఒక్క పూట పని కదా అనేవాళ్ళు. పొద్దున బయలుదేరితే కంకర రోడ్డు మీద ఎగిరెగిరిపడుతూ పోయేవాళ్ళం. గుడారాల పక్కన కారు నిలిపి, ఎండలో కాగిన సీటు మీద నేను కూర్చుని ఉండేదాన్ని. లోపలికి పోయినవాళ్ళు ఎప్పుడు బయటికి వస్తారో తెలియదు. ఒకసారి ఆసామి తన స్నేహితుడికి నన్ను చూపించి, మా డ్రైవరమ్మ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇద్దరూ నవ్వారు. కాన్పులు చేయడానికి నేర్చుకున్న చేతులు నా ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

ముందు నేను గొడవ పడలేదు. కారు రోగుల కోసమే వాడదామని అయ్యగారికి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. సంఘపెద్దలూ ఒప్పుకున్నారు. తర్వాతి వారమే మళ్ళీ అడిగారు. కాదంటే ముఖం ముడుచుకునేవాళ్ళు, మిషన్ సొత్తు నీ సొంతమా అన్నట్టు చూసేవాళ్ళు. కారు నా చేతిలో ఉన్నంతకాలం కాదనే దారి నాకు లేదు.

వంక అవతల ఒక పల్లె ఉండేది. నల్లరేగడి నేల, కారు పోదు. అక్కడ ఒక చిన్నదాని కడుపులో బిడ్డ అడ్డంగా ఉందని నేను ముందే చూసి, నొప్పులు మొదలైన వెంటనే నాకు కబురు చేయమని గట్టిగా చెప్పి వచ్చాను. వాళ్ళు చెప్పినట్టే చేశారు. నొప్పులు రాగానే బండి కట్టి దవాఖానాకు పంపారు. ఆ పొద్దు నేను కర్నూల్లో సంఘపెద్ద కొడుకు కోసం కూర్చుని ఉన్నాను. బండివాడు మధ్యాహ్నం దాకా చూసి, ఖాళీ బండి తోలుకుపోయాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

కొన్నాళ్ళకు చనిపోయిన ఆ చిన్నదాని తల్లి దవాఖానాకు వచ్చింది. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. వసారాలో బండ మీద కూర్చుని నీళ్ళడిగి తాగింది. నా ముఖం చూడకుండా మాట్లాడింది.

"కారు లేనప్పుడు నువ్వు మా ఊరికి నడ్సుకుంటా వస్తాంటివి నర్సమ్మా. కారొచ్చినాక నువ్వు యాడ ఉంటావో మాకు తెలీకపాయ."

అంతే చెప్పి లేచిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. నేను పోయి తాళాలు బల్ల మీద పెట్టాను. ఇంక నేను తోలనని, కాన్పులకు నడిచే పోతానని, దూరమైతే ఆ ఇంటివాళ్ళే బండి పంపుతారని చెప్పాను. అయ్యగారు మెల్లగా నచ్చజెప్పబోయాడు. డాక్టరమ్మ అంత ప్రేమగా నేర్పిపోయిందే, ఇది ఆమెను అవమానించడం కాదా అన్నాడు. ఆసామి మాత్రం నన్ను చూడనే లేదు. ఎవరినైనా డ్రైవరును పెట్టుకుందాంలే, ఆడమనిషి ఎన్నాళ్ళని తోలుతుంది అని మిగతావాళ్ళతో అన్నాడు. వంక అవతలి పిల్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను ఎత్తాను. దేవుని చిత్తం అన్నారు.

అక్కడి నుంచి నాలుగైదేళ్ళు నేను కాలినడకన, ఎద్దుల బండ్లలో తిరిగాను. నా జీవితంలో పని అంటూ చేసింది ఆ ఏళ్ళలోనే అనుకుంటాను.

కారులో పోతున్నప్పుడు పత్తి తీయను పోయే ఆడవాళ్ళు దుమ్ముకు ముఖం అటు తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడేవాళ్ళు. నాకు వాళ్ళ వీపులే కనిపించేవి. ఇప్పుడు వాళ్ళ వెనకే నడుస్తుంటే కాళ్ళు కనబడ్డాయి. కడుపుతో ఉన్నదాని పాదాలు వాచి మెరుస్తున్నాయా, అడుగు ఎలా పడుతోంది, ఎవరు దారిలో ఆగి నడుం పట్టుకుంటున్నారు, అన్నీ దారే చూపించేది. దవాఖానాకు వస్తే వాళ్ళు అత్త వెనక నిలబడి ఏమడిగినా తల ఊపడం తప్ప మాట్లాడరు. దారిలో అత్త ఉండదు. పక్కన నడిచేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు. అందుకేనేమో, ఎవరికీ చెప్పని మాటలు నాకు చెప్పేవాళ్ళు. మొగుడు తన్నిన చోటు, ముట్టు ఆగకుండా పోవడం, చచ్చి పుట్టిన బిడ్డలు, అన్నీ ఆ చేలగట్ల మీదే విన్నాను.

బండి పంపి పిలిపించినా అంతే. ముసలి అత్తో పెద్దమ్మో తోడు వచ్చేది. ఎద్దులు తమ నడకే తప్ప ఎవరు తొందరపడినా వినవు. ఆ ఇల్లు చేరేసరికి ఆ ఇంటి సంగతంతా నాకు తెలిసిపోయేది. ఎవరికి ఎన్ని కాన్పులు, ఎన్ని నిలిచాయి, ఈమెను పుట్టింటికి ఎందుకు పంపలేదు, అన్నీ. పోయాక మళ్ళీ వెంటనే బయలుదేరడం ఉండదు. ఎద్దులను విప్పుతారు, మేత వేస్తారు. అందుకని నేనూ ఉండిపోయేదాన్ని. బాలింత నాలుగు ముద్దలు తిన్నాక, బిడ్డ రొమ్ము పట్టాక, రక్తం నిలిచిందని నా కళ్ళతో చూసుకున్నాక లేచేదాన్ని. బయట కారు నిలిపి హారను కొట్టేవాళ్ళు ఉంటే అలా కూర్చోనివ్వరు. వాళ్ళు పెట్టిన జొన్నరొట్టె, పుంటికూర తిని వాళ్ళ బండల మీదే నడుం వాల్చేదాన్ని. నన్ను కర్నూలు పంపడం ఇక ఎవరి తరం కాలేదు. నడవని రోజుల్లో వచ్చే తలనొప్పి, ఊరికే వచ్చే కోపం రెండూ పోయాయి.

ఇదంతా బాగుందని ఎవరైనా అన్నారా అంటే, ఆ ఆడవాళ్ళు కూడా అనలేదు. అందుకు నాకు ఇప్పటికీ నోరు చేదుగానే ఉంటుంది.

మొదట వచ్చింది నా తమ్ముడు. కారు వదిలేశానని ఎవరో చెబితే, చేలో పని ఆపి దవాఖానాకు నడిచి వచ్చాడు. గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. నేను వంక అవతలి పిల్ల సంగతి చెప్పాను. గుడారాల ముందు కూర్చోవడం ఎలా ఉండేదో చెప్పాను. వాడు అంతా విన్నాడు.

"నాయన ఆ రచ్చకట్ట ముందర చెప్పులు చేతబట్టుకోని నడిసె," అన్నాడు. "నీ కారులో కూకోని నేను చెప్పులేసుకోని పోతి. అది నీకు కనపళ్లేదా అక్కా?"

కనబడిందన్నాను. చూసి కూడా వదిలేశావు కదా అన్నాడు. ఇప్పుడు నేను నడుచుకుంటూ ఊర్లోకి వస్తే కట్ట మీది వాళ్ళు ఏమంటారో, తనకేమని వినిపిస్తారో చెప్పాడు. అప్పటికే వినిపించారట. నీ అక్క కారు చక్రాలు ఊడిపోయాయంట కదరా అని అడిగారట. నేను వాడికి అన్నం పెట్టాలని లేచాను. వాడు తినకుండానే పోయాడు. ఆ తర్వాత మా మధ్య మాటలు తగ్గిపోయాయి. వాడి పెళ్ళిలో కూడా నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

కమిటీ ఒక డ్రైవరును పెట్టింది. కారులో కాంపౌండరు తిరగడం మొదలుపెట్టాడు. సూది మందులు పెట్టెలో పెట్టుకుని ముందు సీటులో కూర్చునేవాడు. రోడ్డు ఉన్న ఊర్లకు పోయేవాడు, ఉన్నవాళ్ళ ఇళ్ళ ముందు ఆగేవాడు. మిగతా రోజుల్లో కారు కర్నూల్లో ఉండేది. అయినా జనం అతన్ని చిన్నడాక్టరు అనడం మొదలుపెట్టారు. నన్ను నడిచే నర్సమ్మ అన్నారు. దవాఖానా ఆవరణలో డాక్టరమ్మ నాకిచ్చిపోయిన గదిని డ్రైవరు కుటుంబానికి ఇచ్చి, మందుల పెట్టెలు ఉండే గదిలోకి నన్ను మార్చారు. రెడ్లవీధికి కారు వస్తాది, మా పేటకు మటుకు కాళ్ళకు మట్టి కొట్టుకోని నర్సమ్మ వస్తాది అని మావాళ్ళే నిష్ఠూరమాడారు. నేను మట్టి కొట్టుకుని పోయింది వాళ్ళ కోసమే. వాళ్ళ మాటలో అబద్ధం కూడా లేదు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఒక ఏడు మా మరదలు కడుపుతో ఉంది. చిన్న పిల్ల, సన్నటి నడుం. పండగకు పోయినప్పుడు దూరం నుంచి చూసి, ఒకసారి పరీక్ష చేస్తానని తమ్ముడికి చెప్పి పంపాను. అవసరం లేదని తిరిగి కబురు వచ్చింది. మళ్ళీ చెప్పి పంపాను. ఈసారి జవాబే రాలేదు. వాళ్ళ గడప తొక్కి బలవంతంగా చేసేంత చనువు అప్పటికి మిగల్లేదు.

నొప్పులు వచ్చిన రోజు నేను వాళ్ళకు ఆనుకుని ఉన్న పక్క పల్లెలోనే ఒక కాన్పు ముగించుకుని కూర్చుని ఉన్నాను. ఆ సంగతి తమ్ముడికి తెలుసు. పొద్దున నేను చేలకు అడ్డంబడి పోతుంటే వాడే చూశాడు. అయినా నాకు కబురు చేయలేదు. సైకిలు మీద మనిషిని దవాఖానాకు తోలాడు. అదృష్టం కొద్దీ ఆ రోజు కారు దవాఖానా దగ్గరే ఉంది. కాంపౌండరు వచ్చి చూసి, తన వల్ల కాదని, కారు ఎక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

ఆ రోజు ఆ కారు లేకుంటే మా మరదలు బతికేది కాదు. ఎవరు అడిగినా ఈ మాట చెబుతాను. నేనే అక్కడ ఉన్నా కర్నూలుకే పంపేదాన్ని, ఎద్దుల బండి మీద అంతదూరం ఆమె దక్కేది కాదు. ఇంకొక మాట కూడా చెబుతాను, దాన్ని ఎవరూ అడగరు. నెలల ముందు నన్ను ఒక్కసారి చేయి పెట్టి చూడనిచ్చి ఉంటే, నొప్పులు రాకముందే ఆమెను బస్సు ఎక్కించి కర్నూల్లో ఉంచేదాన్ని. ఆ పరుగే ఉండేది కాదు.

బిడ్డను ఇంటికి తెచ్చాక తమ్ముడు మా పేట గుడిలో కృతజ్ఞత కూటం పెట్టించాడు. కారు పేట మధ్యకు వచ్చి గుడి ముందు ఆగింది. ఊర్లో నుంచి పెద్దకులాల వాళ్ళు కూడా ఒకరిద్దరు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మా నాయన కాలంలో వాళ్ళు ఆ చోటికి రావడం కలలో మాట. అయ్యగారు ప్రార్థనలో దేవునికి వందనాలు చెప్పి, కారును పంపిన కమిటీకి, డ్రైవరుకు, చిన్నడాక్టరుకు వందనాలు చెప్పాడు. డ్రైవరు మెడలో బంతిపూల దండ వేశారు. కూటానికి వచ్చిన ఆడవాళ్ళలో చాలామందికి కాన్పు చేసిన చేతులు నావి. వాళ్ళు నా పక్కనే చాప మీద కూర్చుని, దండ వేస్తుంటే మెడలు చాచి చూశారు. నేను కూడా చూశాను.

భోజనాలయ్యాక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. బిడ్డను నా చేతుల్లో పెట్టాడు. ఏళ్ళ తర్వాత వాడు తనంతట తాను నన్ను వెతుక్కుంటూ రావడం అదే.

"నిన్ను పిలుద్దామనే అనుకుంటి అక్కా," అన్నాడు. "నువ్వు పక్కూర్లో ఉండావని తెలుసు. నువ్వు నడ్సుకుంటా మా పేటలోకి వస్తే మల్లా అంతా పాతట్లే అయిపోతాది అనిపించె. కారు రావల్లనిపించె."

పెళ్ళాం చచ్చిపోతుంటే కూడానా అని అడగాలనిపించింది. వాడి ముఖంలో సిగ్గు లేదు, పొగరూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బిడ్డ గుప్పిట విప్పి నా వేలు పెట్టాను. పట్టుకుంది. బిడ్డను తిరిగి వాడికిచ్చి, ఎండలో తిప్పొద్దని చెప్పి బయలుదేరాను. కారులో దింపిస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. వాడు రెండోసారి అడగలేదు.

పొద్దు వాలుతోంది. కూటానికి వచ్చిన పక్క పల్లె ఆడవాళ్ళు అదే దారిన పోతుంటే వాళ్ళతో కలిశాను. అందులో ఒకామెకు ఆరో నెల. మిగతావాళ్ళు ముందు పోతుంటే ఆమె కావాలనే వెనకబడింది. తర్వాత, కొన్ని వారాలుగా కళ్ళు మసకలు కమ్ముతున్నాయని, తల పగిలిపోతోందని, ఇంట్లో చెబితే పని తప్పించుకోవడానికి అనుకుంటారని చెప్పింది. నేను ఆమె పాదాలు చూశాను. గట్టు మీద కూర్చోబెట్టి వేలితో నొక్కి చూశాను. నొక్కిన చోట గుంట పడింది. ఉప్పు తగ్గించమని, మర్నాడే దవాఖానాకు రమ్మని, అత్తతో నేనే మాట్లాడతానని చెప్పాను. ఆమె అన్నీ వింది, అన్నిటికీ సరేనంది. లేచి నాలుగడుగులు వేశాక అడిగింది.

"నా కాన్పుకు ఆ కారు దొరికేటట్టు చూస్తావా నర్సమ్మా?"

అడిగి చూస్తానన్నాను.

అడిగాను కూడా. తాళాలు తిరిగిచ్చిన ఆ బల్ల ముందు నిలబడి అడిగాను. చూద్దాంలే అన్నారు. ఆమెను వారం వారం పోయి చూసుకుంటూ వచ్చాను. నెలలు నిండాయి. నొప్పులు వచ్చిన పొద్దు వాళ్ళు కారు కోసం మనిషిని పంపితే, ఆసామి పని మీద కారు హైదరాబాదు పోయిందన్నారు. నేను సంచి సర్దుకుని నడిచి పోయాను. కాన్పు కష్టమైంది గానీ ఇద్దరూ దక్కారు. బిడ్డను తుడుస్తుంటే ఆమె అత్త వాకిట్లో ఎవరితోనో చెబుతోంది, కారు వస్తాదని ఎదురుచూస్తే రాకపాయ, ఏం చేస్తాం, ఈ నర్సమ్మతోనే కానిచ్చుకున్యాం అని.